వంటనూనె డబ్బా, తాతయ్య గుండెపోటు: స్పాన్సర్లకు ఒక బహిరంగ లేఖ

తెలుగు వెబ్ నాటికలకూ సిరీస్‌లకూ డబ్బు పెడుతున్న కంపెనీల మార్కెటింగ్ విభాగాల వారికి, వారి తరఫున మా స్క్రిప్టులు చదివే యాడ్ ఏజెన్సీల వారికి,

నమస్కారం.

నేను పరిషత్తు నాటికల మనిషిని, అంటే ఊళ్లలో జరిగే నాటక పోటీల మనిషిని. పాతికేళ్లుగా రాస్తున్నాను. ఒక్క రాత్రి ఆడే గంట నాటిక కోసం నెలరోజులు రిహార్సల్స్ చేసి, సెట్టు వ్యానులో వేసుకుని ఊళ్లు తిరిగినవాళ్లలో ఒకణ్ణి. నాలుగేళ్లుగా మీ డబ్బుతో తీసే వెబ్ నాటికలకు కూడా రాస్తున్నాను. ఆ డబ్బుతోనే మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక.

పోయిన ఏడాది ఒక వంటనూనె కంపెనీ ఆరు చిన్న నాటికల వరుసకు స్పాన్సర్‌గా వచ్చింది. పేరు చెప్పను. రెండో నాటికలో ఒక తాతయ్య ఉంటాడు. మనవరాలి నిశ్చితార్థం మూడు రోజులుందనగా ఆయనకు ఛాతీలో నొప్పి మొదలవుతుంది. చెబితే పెళ్లివాళ్ల ముందు గందరగోళం అవుతుందని ఎవరికీ చెప్పడు. గ్యాస్ నొప్పిలే అని వాము నీళ్లు తాగి ఊరుకుంటాడు. తాంబూలాలు పుచ్చుకున్న సాయంత్రం కుర్చీలోనే పోతాడు. స్క్రిప్టు ఓకే అయింది, అడ్వాన్సు ముట్టింది, తాతయ్య వేషానికి ఒక పెద్దాయన్ని ఖాయం చేసుకున్నాం. షూటింగ్ తొమ్మిది రోజులుందనగా ఏజెన్సీ నుంచి ఫోను. అవతల ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది: "సర్, తాతయ్యగారు గుండెపోటుతో కాకుండా ఇంకేదైనా కారణంతో పోవచ్చా?"

నేను నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

ఆ రాత్రే తాతయ్యను బాత్రూంలో జారి పడేలా చేశాను. నాటిక తీశారు, విడుదలైంది, కింద కామెంట్లలో ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం అది చూడాలంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది. జారిపడ్డవాడు దేన్నీ దాచుకోడు కదా. దాచుకున్న నొప్పి మీదే కథంతా నిలబడి ఉంటే, దాన్ని తీసేశాక మిగిలింది నిశ్చితార్థం రోజున జరిగిన ఒక ప్రమాదం. తడిచిన నేల మీద జాగ్రత్తగా నడవండి అని చెప్పడానికి నాటిక ఎందుకు?

ఆ తర్వాత కొన్నాళ్లు, నాలాంటి వాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారా అని వెతుక్కుంటూ అమెరికాలో టీవీ పుట్టిన తొలిరోజుల గురించి చదివాను. అక్కడ నాకు అన్నదమ్ములు దొరికారు. మీకు కూడా దొరికారు. అందుకే ఈ ఉత్తరం.

1947 మే 7, బుధవారం. న్యూయార్క్‌లో ఎన్‌బీసీ అనే చానల్ స్టూడియో నుంచి క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్ అనే కార్యక్రమం మొదలైంది. వారానికో కొత్త నాటకం, గంటసేపు, అంతా లైవ్. ఈ వారం పాత్రలు వచ్చే వారం ఉండవు. కథ వేరు, నటులు వేరు. మారకుండా ఉండేది ఒక్కటే, పైన కంపెనీ పేరు. క్రాఫ్ట్ అంటే చీజ్ కంపెనీ. దాని యాడ్ ఏజెన్సీ జె. వాల్టర్ థాంప్సన్ వాళ్లే నాటకాన్ని ఎంపిక చేసి, తయారు చేసి, చానల్‌కు అందించేవారు. చానల్ గంట సమయాన్ని అమ్ముకునేది, అంతే. అప్పటికి టీవీ ఉన్న ఇళ్లు చాలా తక్కువ. 1950లో కూడా అమెరికాలో నూటికి తొమ్మిది ఇళ్లలోనే టీవీ ఉండేది. అయినా ఆ నాటకాల మధ్యలో మాత్రమే యాడ్ వేసిన ఒక రకం చీజ్, దుకాణాల్లో దొరకకుండా అమ్ముడుపోయింది. ఇక మిగతా కంపెనీలు ఊరుకుంటాయా? మరుసటి ఏడాదే రేడియోలూ టీవీలూ తయారుచేసే ఫిల్కో కంపెనీ ఆదివారం రాత్రి తీసుకుంది. అటువైపు పోటీ చానల్ సీబీఎస్‌లో స్టూడియో వన్ అనే కార్యక్రమం మొదలైంది, దానికి ఫ్రిజ్‌లు అమ్మే వెస్టింగ్‌హౌస్ స్పాన్సర్. తర్వాత టైర్ల గుడ్‌ఇయర్, ఉక్కు తయారుచేసే యూఎస్ స్టీల్. నాటకం పేరు చెప్పాలంటే ముందు కంపెనీ పేరు చెప్పాలి.

ఇది చదువుతుంటే నాకు మన ప్రబంధాలు గుర్తొచ్చాయి. కృతిభర్త అంటే ఎవరు? స్పాన్సరే కదా. మనుచరిత్రకు డబ్బు పెట్టింది రాయలవారు. స్వారోచిష మనువు కథ రాయమని ఆయనే అడిగినట్టు పెద్దన అవతారికలో రాసుకున్నాడు. మీ భాషలో చెప్పాలంటే బ్రీఫ్ ఇచ్చాడు. ఆ తర్వాత ఆరు ఆశ్వాసాలు. ప్రతి ఆశ్వాసం మొదట్లో రాయలవారిని సంబోధిస్తూ ఒక పద్యం, చివర మళ్లీ ఆయన్ను పొగుడుతూ పద్యాలు. ఇవి చక్కగా యాడ్ బ్రేకులే. కానీ మధ్యలో ప్రవరుడు హిమాలయాల్లో దారి తప్పి తిరుగుతున్నంతసేపూ రాయలవారు కనపడరు. వరూధిని ప్రవరుడితో మాట్లాడుతూ విజయనగరం బజారులో దొరికే కస్తూరి గురించి చెప్పదు. ప్రవరుణ్ణి అక్కడికి చేర్చిన పాదలేపనం కరిగిపోయిందని రాస్తే, రాజ్యంలో తయారైన లేపనాలకు చెడ్డపేరు వస్తుందని ఎవరూ కబురు పెట్టలేదు. రాయలవారి పేరు ఈ రోజుకీ ఆ కావ్యం మీద ఉంది.

అమెరికా వాళ్లు కూడా మొదట్లో దాదాపు ఇలాగే చేశారు. నాటకం ఒక చోట, యాడ్ ఒక చోట. రెండూ లైవే. క్రాఫ్ట్ యాడ్‌లో మొహం కూడా కనపడేది కాదు. రెండు చేతులు చీజ్‌తో ఏదో వంట చేసి చూపిస్తుంటే, ఎడ్ హెర్లిహీ అనే అనౌన్సర్ గొంతు వినిపించేది. వెస్టింగ్‌హౌస్ తరఫున బెట్టీ ఫర్నెస్ అనే నటి ఫ్రిజ్ పక్కన నిలబడి తలుపు తెరిచి లోపలి అరలు చూపించేది. ఆ రెండు మూడు నిమిషాలే అవతల నటులకు దిక్కు. ఒక సీనులో ఇంట్లో ఉన్నవాడు తర్వాతి సీనులో ఆఫీసులో ఉండాలంటే, కెమెరా కేబుళ్లు దాటుకుంటూ, తలవంచుకుని సెట్ల వెనక పరిగెత్తాలి. చొక్కా మీద చొక్కా వేసుకుని ఒకటి విప్పి పారేస్తూ వెళ్లేవాళ్లు. యాడ్ లేకపోతే చెమట తుడుచుకునే తీరిక కూడా ఉండేది కాదు. మన పరిషత్తుల్లో కూడా ఒక నాటిక అయ్యాక ఇంకో నాటిక సెట్టు కడుతున్నప్పుడే దాతలకు శాలువాలు కప్పుతారు. ఆ దాత ఊళ్లో బియ్యం మిల్లు యజమాని కావచ్చు, ఎరువుల డీలరు కావచ్చు. ముందు వరుసలో కూర్చుంటాడు, జ్ఞాపిక పుచ్చుకుంటాడు, ఫొటో దిగుతాడు. పాతికేళ్లలో ఒక్క దాత కూడా నా డైలాగు మార్చమని అడగలేదు. కల్తీ ఎరువుల మీద రాసిన నాటికకు ఒక ఎరువుల డీలరే చందా ఇచ్చాడు. చూసి, "బాగా వాయించావయ్యా" అని వెళ్లిపోయాడు.

లైవ్ అంటే భయం కూడా ఉండేది. 1954లో ఒక యాడ్‌లో వెస్టింగ్‌హౌస్ ఫ్రిజ్ తలుపు ఎంత లాగినా రాలేదు. ఆ రోజు అక్కడున్నది బెట్టీ ఫర్నెస్ కాదు, ఆమె బదులు వచ్చిన ఇంకో అమ్మాయి. కానీ జనం ఇప్పటికీ ఫర్నెస్ పేరుతోనే చెప్పుకుంటారు. పాపం, రాకపోయినా నింద తప్పలేదు. ఇంగ్లండులో అంతకన్నా ఘోరం జరిగింది. 1958 నవంబరు 30న ఆర్మ్‌చైర్ థియేటర్ అనే కార్యక్రమంలో నాటకం లైవ్‌లో నడుస్తుండగా గారెత్ జోన్స్ అనే 33 ఏళ్ల నటుడు రెండు సీన్ల మధ్య గుండెపోటుతో కూలిపోయి చనిపోయాడు. మిగతా నటులు అతని డైలాగులు తలా కాస్త పంచుకుని నాటకాన్ని చివరిదాకా లాక్కొచ్చారు. మన రేడియో నాటకాలు కూడా టేపులు రాకముందు ఇలా లైవ్‌లోనే నడిచినవి. కాగితం చప్పుడు వినపడకుండా మైకు ముందు పేజీ తిప్పడం ఒక విద్య అని మా గురువుగారు చెప్పేవారు.

గుండెపోటు మాట వచ్చింది కాబట్టి నేను మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇక్కడే చెబుతాను.

1955 జనవరి 12 రాత్రి క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్‌లో ప్యాటర్న్స్ అనే నాటకం వచ్చింది. రాసింది రాడ్ సెర్లింగ్. అప్పటికి ఆయన వయసు 30. కథ ఒక పెద్ద కంపెనీ ఆఫీసులో నడుస్తుంది. యజమానికి ఒక ముసలి అధికారిని వదిలించుకోవాలని ఉంటుంది. తీసేస్తే బాగుండదు కాబట్టి, అతనే రాజీనామా చేసేదాకా మీటింగుల్లో అందరి ముందూ అవమానిస్తూ ఉంటాడు. అతని కుర్చీ కోసమే ఒక కుర్రవాణ్ణి తెచ్చి పక్కన పెడతాడు. ఆ ముసలాయన రాజీనామా చేయడు, భరిస్తాడు, చివరికి గుండె ఆగి పోతాడు.

ఆ నాటకానికి డబ్బు పెట్టింది ఎవరు? ఒక పెద్ద కంపెనీ. అమ్మేది ఏమిటి? చీజ్. మీ లెక్క ప్రకారం చూస్తే అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, గుండెపోటు. రెండు, కంపెనీ యజమాని దుర్మార్గుడు. మీ దగ్గరకు వచ్చి ఉంటే ఆ ముసలాయన బాత్రూంలో జారి పడేవాడు, యజమాని ఆస్పత్రికి పూలు పట్టుకొచ్చేవాడు. క్రాఫ్ట్ వాళ్లు ఉన్నది ఉన్నట్టు వేశారు. న్యూయార్క్ టైమ్స్‌లో జాక్ గూల్డ్ అనే విమర్శకుడు దాన్ని ఆకాశానికెత్తాడు. చూడనివాళ్లు చూడాలన్నారు. వీడియో టేపు ఇంకా రాలేదు. కాబట్టి నటులను మళ్లీ పిలిచి, సెట్లు మళ్లీ వేసి, సరిగ్గా నాలుగు వారాలకు, ఫిబ్రవరి 9న, ఆ నాటకాన్ని మళ్లీ లైవ్‌లో ఆడారు. చీజ్ తింటే గుండెపోటు వస్తుందని ఆ నాటకం చూసి ఎవరైనా కొనడం మానేశారా? ఆ కార్యక్రమం ఇంకో మూడేళ్లకు పైగా నడిచింది. మొత్తం ఆరు వందలకు పైగా నాటకాలు. వాటిలో చాలావాటిని ఎవరూ తలుచుకోరు. వారానికో నాటకం అంటే ఎలా ఉంటాయి, మన పరిషత్తుల్లో ఒక సీజనులో వచ్చే నాటికల్లో ఎన్ని నిలుస్తాయో అన్నే నిలుస్తాయి. నిలిచిన వాటిలో ఇది మొదటి వరుసలో ఉంది. క్రాఫ్ట్ పేరు దాని మీద ఉంది.

అలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. ఫిల్కో కార్యక్రమానికి ఫ్రెడ్ కో అనే నిర్మాత ఉండేవాడు, రచయితల మీద నమ్మకం ఉన్న మనిషి. 1953 మే 24న ఆయన వేయించిన మార్టీ నాటకంలో కథానాయకుడు ఒక మాంసం కొట్టు కుర్రాడు. ముప్పై దాటినా పెళ్లి కాలేదు, అందగాడు కాదు, ఇంట్లో అమ్మ పోరు. ప్యాడీ చయెఫ్‌స్కీ రాశాడు. ఒక రాత్రి డాన్సు హాలులో తనలాంటి ఒక అమ్మాయి పరిచయమవుతుంది, అంతే కథ. తర్వాత సినిమాగా తీస్తే 1955 సంవత్సరానికి ఉత్తమ చిత్రం ఆస్కారు వచ్చింది. స్టూడియో వన్‌లో 1954 సెప్టెంబరు 20న రెజినాల్డ్ రోజ్ రాసిన ట్వెల్వ్ యాంగ్రీ మెన్ వచ్చింది. ఒక గది, పన్నెండు మంది జ్యూరీ సభ్యులు. రోజ్ తాను జ్యూరీలో కూర్చుని వచ్చాక రాసిన నాటకం అది. సినిమా అయింది. మన దేశంలో బాసు చటర్జీ చేతిలో ఏక్ రుకా హువా ఫైస్లా అయింది. మూలం మాత్రం ఫ్రిజ్‌ల కంపెనీ డబ్బుతో ఒక్క రాత్రి లైవ్‌లో ఆడిన నాటకం.

ఇంతవరకూ మీ అన్నదమ్ముల మంచి గురించి చెప్పాను. ఇక రెండోది.

అదే రోజ్, అదే స్టూడియో వన్‌కు, అదే 1954లో థండర్ ఆన్ సికమోర్ స్ట్రీట్ అని ఇంకో నాటకం రాశాడు. తెల్లవాళ్ల వీధిలోకి ఒక నల్లజాతి కుటుంబం కాపురానికి వస్తే, వీధివాళ్లంతా ఏకమై వెళ్లగొట్టాలని చూస్తారు. షికాగో దగ్గర సిసెరోలో నిజంగా జరిగిన గొడవ ఆయన మనసులో ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో చూసేవాళ్లు ఊరుకోరని పైవాళ్లు ఒప్పుకోలేదు. రోజ్ ఆ మనిషిని జైలు నుంచి విడుదలైనవాడిగా మార్చాడు. కానీ ఒక యుక్తి చేశాడు. ఆ ఇంటాయన మీద వీధికి ఎందుకంత కోపమో చాలాసేపు చెప్పకుండా దాచాడు. చూసేవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకున్నారు. నాకు బాత్రూం తప్ప ఏదీ తోచలేదు. అది ఆయనకూ నాకూ ఉన్న తేడా, ఒప్పుకుంటాను.

ప్యాటర్న్స్ రాసిన సెర్లింగ్ సంగతి చూడండి. 1955 ఆగస్టులో మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి చంపారు. చంపినవాళ్లను అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ విడిచిపెట్టింది. సెర్లింగ్ ఆ వేడిలో నూన్ ఆన్ డూమ్స్‌డే రాశాడు. యూఎస్ స్టీల్ స్పాన్సర్. ఇది టిల్ కథ అని బయటికి పొక్కింది. జాతి వివక్షను వెనకేసుకొచ్చే దక్షిణాది సంఘాల నుంచి బెదిరింపులు వచ్చాయి. మీ సరుకు కొనం అన్నారు. ఉక్కు కిరాణా కొట్లో కొనే సరుకా? దక్షిణాదివాళ్లు ఇకనుంచి ఇళ్లు అల్యూమినియంతో కట్టుకుంటారా అని సెర్లింగే వెటకారమాడాడు. అయినా ఏజెన్సీ వాళ్లు స్క్రిప్టుకు కత్తి పెట్టారు. చనిపోయినవాడు ఎవరో పరాయి దేశం మనిషి అయ్యాడు. కథ జరిగే ఊరు దక్షిణాది నుంచి ఈశాన్యంలో న్యూ ఇంగ్లండుకు మారింది. దక్షిణాదిని గుర్తు చేస్తాయని సెట్టులో కోకాకోలా సీసాలు కూడా ఉండకూడదన్నారు. 1956 ఏప్రిల్ 25న అది ప్రసారమైంది. అందులో ఒక పిల్లవాడి చావు లేదు, ఒక ఊరి నేరం లేదు. నా తాతయ్య జారిపడ్డట్టే అది కూడా జారిపడింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం అతి అంటారేమో. ఎమ్మెట్ టిల్ చావు ముందు నా నాటిక ఎంత, నిజమే. కానీ చేసిన పని ఒకటే: కథలోంచి కారణాన్ని తీసేశారు.

చిన్నచిన్నవి చెబితే నవ్వొస్తుంది. 1956లో ప్లేహౌస్ 90 అనే నాటకాల కార్యక్రమంలో సెర్లింగ్ రాసిన బాక్సరు నాటకం ఒకటి వచ్చింది, రెక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్. అందులో ఒక పాత్ర ఇంకొకరిని అగ్గిపెట్టె ఉందా అని అడుగుతుంది. స్పాన్సర్లలో ఒకరు లైటర్లు అమ్మేవాళ్లు కాబట్టి ఆ మాట కొట్టేశారని సెర్లింగ్ చెప్పుకునేవాడు. ఇలాంటివి నా అనుభవంలోనూ ఉన్నాయి. టీ పొడి కంపెనీ డబ్బు పెట్టిన నాటికలో హీరో కాఫీ తాగకూడదన్నారు, సరే అన్నాను. హీరోకు తలనొప్పి కూడా రాకూడదన్నారు. అది ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

నవ్వు ఆగిపోయేది 1959 ఏప్రిల్ 16 దగ్గర. అదే ప్లేహౌస్ 90లో ఆబీ మాన్ రాసిన జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్ వచ్చింది. నాజీల కాలంలో జర్మనీలో పనిచేసిన జడ్జీల మీద విచారణ. స్పాన్సర్లలో అమెరికన్ గ్యాస్ అసోసియేషన్ ఒకటి, వంట గ్యాస్ వాడకాన్ని పెంచాలని యాడ్‌లు వేసే సంస్థ. నాజీలు లక్షల మంది యూదులను గ్యాస్ చాంబర్లలో చంపారు. ఆ మాట లేకుండా ఆ విచారణ కథ చెప్పడం ఎలా? చెప్పారు. నటుల పెదవులు కదిలాయి, గ్యాస్ అనే చోట మాత్రం శబ్దం ఆగిపోయింది. చూస్తున్నవాళ్లకు అది తెలిసిపోయింది, మర్నాటి నుంచి పత్రికలు ఏకిపారేశాయి. ఆ మాట వినపడి ఉంటే ఇంట్లో స్టవ్ వెలిగించేటప్పుడు ఎవరికైనా ఆ చాంబర్లు గుర్తొచ్చేవా? నాకైతే రావు. మాట నొక్కేసిన తర్వాత మాత్రం అరవై ఏళ్లు దాటినా ఆ సంఘం పేరు ఈ ఒక్క సంగతితోనే వస్తోంది. రెండేళ్లకు అదే కథ సినిమా అయితే, రాసిన ఆబీ మాన్‌కు ఆస్కారు వచ్చింది. అందులో ఏ మాటా మింగలేదు.

మీలో కొందరు అనే మాట నాకు తెలుసు. డబ్బు మాది, మా పేరుకు మచ్చ రాకుండా చూసుకోవడం మా ఉద్యోగం అంటారు. న్యాయమే. క్రాఫ్ట్ లేకపోతే ప్యాటర్న్స్ లేదు, ఇది నేను దాచడం లేదు. ఇంగ్లండులో 1954 చట్టం ప్రకారం కొత్తగా వచ్చిన వాణిజ్య టీవీలో అప్పట్లో కంపెనీలు కార్యక్రమాలను స్పాన్సర్ చేయడానికి వీలుండేది కాదు, మధ్యలో యాడ్‌లు వేసుకోనిచ్చేవారు, అంతే. అలాంటి చట్టం ఇక్కడ రావాలని నేను అడగను. మన దేశంలో 1984లో దూరదర్శన్‌లో హమ్ లోగ్ వచ్చినప్పుడు నూడుల్స్ కంపెనీ స్పాన్సర్ చేసింది. ఆ కుటుంబంలో తాగుబోతు తండ్రి ఉన్నాడు, పెళ్లికాని కూతురు ఉంది, గడవని సంసారం ఉంది. జనం సీరియల్ కూడా చూశారు, నూడుల్స్ కూడా కొన్నారు.

నాకు భయంగా ఉన్నది ఇంకోటి. చేయి పెట్టిన తర్వాత చెడిపోయిన నాటకాలు కనీసం లెక్కకు వస్తాయి. రాయకముందే ఆగిపోయేవి ఎవరికీ కనపడవు. ఆ వంటనూనె నాటిక తర్వాత నేను రాసిన మూడు స్క్రిప్టుల్లో ఎవరికీ జబ్బు రాలేదు. ఎవరూ అడగలేదు, నా చెయ్యే వెనక్కి పోయింది. సెర్లింగ్‌కు కూడా ఇదే అయిందనుకుంటాను. 1959 అక్టోబరులో ఆయన ట్వైలైట్ జోన్ మొదలుపెట్టి, గ్రహాంతరవాసుల కథలూ దెయ్యాల కథలూ రాసుకున్నాడు. మనుషుల నోట చెప్పించలేని మాటలు వాళ్ల నోట చెప్పించాడు. అది గొప్ప కార్యక్రమమే. కానీ ప్యాటర్న్స్ రాసినవాడు నేల విడిచి అక్కడికి వెళ్లాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది.

ఆ లైవ్ నాటకాలు ఆగిపోవడానికి కారణం స్పాన్సర్ల కత్తెర ఒక్కటే అంటే అబద్ధమవుతుంది. హాలీవుడ్డులో ఫిల్ము మీద తీసిన సిరీస్‌లు చవకగా మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు. 1956లో వీడియో టేపు వచ్చింది. 1955లో మొదలైన 64 వేల డాలర్ల ప్రశ్న అనే క్విజ్‌కు జనం ఎగబడ్డారు. నాటకానికి పెట్టే డబ్బు అటు పోయింది. క్రాఫ్ట్, స్టూడియో వన్ రెండూ 1958లో ఆగిపోయాయి. తర్వాత ఆ క్విజ్‌ల్లో గెలవాల్సినవాళ్లకు జవాబులు ముందే చెబుతున్నారని బయటపడింది. 1959లో అమెరికా పార్లమెంటులో విచారణ జరిగింది. ఇక కార్యక్రమాలు మేమే తయారు చేయిస్తాం, మీరు యాడ్ సమయం కొనుక్కోండి చాలు అని చానళ్లు పగ్గాలు తీసేసుకున్నాయి. నాటకాన్నే తమ పేరుతో పిలిపించుకున్న కంపెనీలు చివరికి నిమిషాలు కొనుక్కునే వరుసలో నిలబడ్డాయి.

నేను అడిగేవి పెద్దవి కావు. బ్రీఫ్ ఇవ్వండి, రాయలవారిలాగే. ఏ కథ కావాలో, ఏది వద్దో నేను కలం పట్టకముందే చెప్పండి. గుండెపోటు వద్దంటే అప్పుడే చెబితే నేను వేరే తాతయ్యను తెచ్చుకుంటాను, లేదా డబ్బు వద్దనుకుంటాను. స్క్రిప్టు ఓకే చేశాక మాత్రం వేలు పెట్టకండి. మీ డబ్బా, మీ పాట, మీ పేరు ముందూ వెనకా ఎంత పెద్దగానైనా వేసుకోండి. అన్నం తింటున్న సీనులో డబ్బా లేబులు కెమెరావైపు తిప్పి పెట్టమని మాత్రం నటులకు చెప్పకండి. మా వాళ్లు పరిషత్తు నటులు, లేబులు వైపు చూస్తూ ఏడవడం వాళ్లకు రాదు.

ఇంకో మాట, భద్రపరచడం గురించి. ఆ లైవ్ నాటకాలు చాలావరకు పోయాయి. టీవీ తెర ముందు ఫిల్ము కెమెరా పెట్టి తీసిన కినెస్కోపులు కొన్ని మిగిలాయి. ట్వెల్వ్ యాంగ్రీ మెన్ మొదటి సగమే ఉందని చాలా ఏళ్లు అనుకున్నారు. 2003లో, చనిపోయిన ఒక న్యూయార్క్ జడ్జిగారి ఇంట్లో పూర్తి ప్రతి బయటపడింది. అంటే యాభై ఏళ్లపాటు అది ఎవరి ఇంట్లోనో మూలన పడి ఉంది. మీరైతే అంత దూరం కూడా పోనక్కర్లేదు. నేను రాసిన మొదటి వెబ్ నాటికల వరుసను, స్పాన్సర్ కంపెనీ బ్రాండు పేరు మార్చుకోగానే ఒక్క రోజులో చానల్ నుంచి తీసేశారు. నా దగ్గర ఉన్నది ఫోనులో తీసుకున్న రెండు క్లిప్పులు. అందులో వేషం వేసిన ఒక పెద్దాయన ఇప్పుడు లేరు. వాళ్లబ్బాయి వీడియో కావాలని అడిగితే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒప్పందంలో ఒక్క లైను రాయండి: మీకు అక్కర్లేని రోజున ఒక ప్రతి రచయితకూ, ఒక ప్రతి నాటక సమాజానికీ ఇస్తామని. హార్డ్ డిస్కు నేనే కొనుక్కుంటాను.

ఆ తాతయ్య నాటికను నేను మళ్లీ రాశాను. ముప్పై ఎనిమిది పేజీలు, ఆరు పాత్రలు, ఒకటే సెట్టు. నిశ్చితార్థం, వాము నీళ్లు, కుర్చీ, అన్నీ ఉన్నాయి. మొదట్లోనూ చివర్లోనూ కృతిభర్త కోసం ఖాళీ వదిలాను. వంటనూనె కంపెనీ వాళ్లు వచ్చినా అభ్యంతరం లేదు, పాత కోపం ఏమీ లేదు. తాతయ్య మాత్రం గుండెపోటుతోనే పోతాడు.

ఇట్లు,
మీ స్పాన్సర్‌షిప్పుతో నాలుగేళ్లుగా రాస్తున్న
ఒక పరిషత్తు నాటికల రచయిత